మాండవి ఒడ్డున గది వేట

మాది ఒంగోలులో టెంట్‌హౌస్. ముహూర్తాలుంటే అన్నం తినే తీరిక ఉండదు, లేకపోతే గోడౌన్‌లో కుర్చీలు లెక్కపెట్టుకోవడం తప్ప పనుండదు. 2026లో మాఘమాసమంతా శుక్రమౌఢ్యంలో పడి పెళ్ళిళ్ళన్నీ ఆగిపోయాయి. సంక్రాంతి అల్లుళ్ళు వెళ్ళిపోగానే మా మరిది మొదలుపెట్టాడు. "ఇట్టా కూర్చుంటే పిచ్చెక్కుద్ది వదినా. గోవా పోదాం."

వాడి గోవాలో సముద్రం లేదు. పణజిలో మాండవి నది మీద లంగరేసిన కాసినో ఓడలే ఉన్నాయి. నా తోడికోడలికి పాత వీధులు, చర్చిలు చూడాలని ఉంది. మా ఆయనకు పొద్దున తొమ్మిదింటి దాకా ఎవరూ లేపకుండా ఉంటే చాలు. ముగ్గురికీ సరిపోయే హోటల్ చూసే పని నా మీద పడింది. షాపు బిల్లులు రాసేదీ, జీఎస్టీ చూసేదీ నేనే గనక అది నా పనే అని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించేశారు.

ముందు తేదీలు తేల్చాను. జనవరి 26 సోమవారం వచ్చింది. అంటే శనాదివారాలతో కలిపి మూడు రోజుల సెలవు. బెంగళూరు, హైదరాబాదు, ముంబై అన్నీ గోవాలోనే ఉంటాయి. ఫిబ్రవరి రెండో వారం దాటాక కార్నివాల్. ఈ రెండింటి మధ్య, అదీ వారం మధ్యలో దిగి శుక్రవారం సాయంత్రానికి ముందే బయటపడేట్టు చూసుకున్నాం. ఫోన్లో అదే గదికి శుక్రవారం రాత్రి అద్దె బుధవారం కంటే ఒకటిన్నర రెట్లు చూపించింది. ఓడల ప్రవేశ రుసుం కూడా అంతే, వారాంతం వస్తే పెరుగుతుంది. కాసినో ఊరికి పోయేవాళ్ళు మొట్టమొదట చూడాల్సింది గది ఫోటోలు కాదు, క్యాలెండర్.

తర్వాత ఎక్కడ దిగాలన్న గొడవ. మరిది కాండోలిం వైపు ఒక హోటల్ చూపించాడు. ఈతకొలను ఉంది, పణజి కంటే చవక. నాకూ నచ్చింది. కానీ అక్కణ్ణుంచి ఓడల జెట్టీకి పద్నాలుగు కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. గోవాలో ఓలా, ఊబర్ నడవవు. ఉన్నది గోవామైల్స్ యాప్, లేదంటే స్టాండ్ టాక్సీ. అర్ధరాత్రి దాటాక ఎంతవుతుందని ఫోన్ చేసి అడిగితే ఒక వైపుకే వెయ్యి దాటుతుందన్నారు. రెండు రాత్రులు పోయి రావడానికి నాలుగు వేలు. గదిలో మిగిలిందంతా టాక్సీ తినేస్తుంది. పైగా మరిది ఓడ దిగేదాకా నా తోడికోడలు నిద్రపోదు.

"అయితే కాసినో ఉన్న హోటల్లోనే దిగుదాం. లిఫ్టెక్కితే ఆట, లిఫ్ట్ దిగితే నిద్ర" అన్నాడు వాడు. వినడానికి బాగుంది. కానీ గోవా చట్టంలో ఒక మెలిక ఉంది. అక్కడి జూద నిరోధక చట్టం 1976 నాటిది. దాన్ని 1992లో సవరించి ఐదు నక్షత్రాల హోటళ్ళలో యంత్రాల మీద ఆడే ఆటలకు వీలిచ్చారు. 1996 సవరణతో నీటి మీది ఓడల్లో మనుషులు ముక్కలు పంచే ఆటలకు అనుమతి వచ్చింది. అంటే చట్టం ప్రకారం ఒడ్డున ఉన్నవి మిషన్ ఆటలు, అసలు బల్లలు ఓడల్లో. మరిదికి కావాల్సింది బల్ల. తెర మీద ముక్కలు తిరిగితే వాడికి పేకాడినట్టే ఉండదు. ఐదు నక్షత్రాల అద్దె కట్టి, రాత్రికి మళ్ళీ జెట్టీకి పోవడం ఎందుకు?

ఇక మిగిలింది పణజి ఊరే. నది ఒడ్డున బందోద్కర్ మార్గ్ మీద హోటళ్ళున్నాయి. కిటికీ తీస్తే ఓడల దీపాలు. ఆ దీపాల కోసమే 'రివర్ వ్యూ' అని వెయ్యీ రెండు వేలూ ఎక్కువ వేస్తారు. సాయంత్రం పూట నదిలో విహార పడవలు పాటలు పెట్టుకుని తిరుగుతుంటాయి. మా వృత్తిలో డీజే శబ్దం ఎలాగూ తప్పదు, డబ్బిచ్చి మరీ వినాలా? మా ఆయన అసలు ఒప్పుకోలేదు. పణజిలోనే ఫౌంటెన్హాస్ అనే పాత పేటలో పోర్చుగీసు కాలం నాటి ఇళ్ళను హోటళ్ళుగా మార్చారు. పసుపు, నీలం గోడలు, పెంకుల కప్పు, చెక్క మెట్లు. తోడికోడలు ఫోటోలు చూసి "అక్కా, ఇదే, ఇదే" అంది. నేను అతిథుల అభిప్రాయాల్లో తక్కువ మార్కులేసినవి మాత్రమే చదివాను. మెచ్చుకునేవాళ్ళందరూ ఒకేలా మెచ్చుకుంటారు, తిట్టేవాళ్ళ దగ్గరే సమాచారం దొరుకుతుంది. నేను చూసినవాటిలో లిఫ్ట్ లేదు, మెట్లు నిటారు, పక్క గదిలో దగ్గినా వినిపిస్తుందట. మా ఆయన మోకాళ్ళు గుర్తొచ్చి దాన్నీ పక్కన పెట్టాను.

చివరికి 18 జూన్ రోడ్డు వెనక సందులో ఒక మామూలు హోటల్ తేలింది. సోషలిస్టు నాయకుడు రామ్‌మనోహర్ లోహియా 1946 జూన్ 18న మడ్గావ్‌లో పోర్చుగీసు వాళ్ళను ధిక్కరించి సభ పెట్టిన రోజు పేరది. ఇప్పుడు ఆ రోడ్డంతా బట్టల కొట్లు, జీడిపప్పు కొట్లు, భోజన హోటళ్ళు. మా హోటల్ నుంచి జెట్టీకి పది, పన్నెండు నిమిషాల నడక. లిఫ్ట్ ఉంది, కిటికీ వెనక సందులోకి ఉంది, నది కనపడదు. గది మూడు వేల ఎనిమిది వందలు.

ఇక్కడ పన్ను సంగతి చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని చూడరు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల లోపు గదికి జీఎస్టీ 5 శాతం. ఆ గీత దాటితే 18 శాతం. 7,400 గదికి పన్ను 370. 7,600 గదికి 1,368. అద్దెలో రెండు వందల తేడా, చేతి నుంచి పోయేది దాదాపు పన్నెండు వందల తేడా. యాప్‌లో ముందు కనిపించే అంకెలో చాలాసార్లు ఈ పన్ను ఉండదు, చివరి పేజీలో కలుస్తుంది. అందుకని ఏ రెండు హోటళ్ళనైనా చివరి పేజీ అంకెతోనే పోల్చాలి.

యాప్‌లో చూసి, హోటల్‌కే నేరుగా ఫోన్ చేశాను. అదే అద్దెకు పొద్దున టిఫిన్ కలిపారు. నాలుగు ప్రశ్నలు అడిగాను. గదిలోకి ఎన్నింటికి రానిస్తారు, ఎన్నింటికి ఖాళీ చెయ్యాలి, ఖాళీ చేశాక సామాను పెట్టుకోనిస్తారా, రాత్రి రెండింటికి వస్తే గేటు తీసేవాడుంటాడా. చివరి ప్రశ్నకు అవతలి అబ్బాయి నవ్వాడు. "మేడమ్, ఇక్కడ అందరూ రెండింటికే వస్తారు." ఆ మాటతో నాకు నమ్మకం కలిగింది. అంతకుముందు ఇంకో హోటలాయన జెట్టీ ఐదు నిమిషాలే అన్నాడు. మ్యాప్‌లో చూస్తే అది కారులో ఐదు నిమిషాలు.

చెన్నై వెళ్ళి విమానమెక్కే ఆలోచన కూడా చేశాం. చవక టికెట్లన్నీ మోపా విమానాశ్రయానికే కనపడ్డాయి. పణజికి అది ముప్పై కిలోమీటర్ల పైనే, మళ్ళీ టాక్సీ. ఆ మాట అక్కడితో ఆగింది. మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రైలు మారకుండా గోవాలోని వాస్కో దాకా పోవచ్చు. ఒంగోలు నుంచి చీమకుర్తి, పొదిలి మీదుగా కారులో మార్కాపురం చేరాం. చీమకుర్తి క్వారీల దగ్గర ఎప్పటిలాగే రాళ్ళ లారీల వెనక ఇరుక్కుపోయాం.

రైలు ప్రయాణంలో చెప్పుకోవాల్సింది ఘాట్. క్యాజిల్ రాక్ నుంచి కులెం దాకా పడమటి కనుమలు దిగుతుంది. 37 అడుగులకు ఒక అడుగు వాలు. అందుకని అదనపు ఇంజన్లు తగిలిస్తారు. సొరంగంలోంచి బయటపడగానే లోయ, వెంటనే ఇంకో సొరంగం. దూధ్‌సాగర్ 310 మీటర్ల జలపాతం, రైలు దాని ఒళ్ళోంచే పోతుంది. మాఘమాసం గనక సన్నటి ధారలే ఉన్నాయి. మరిది తలుపు దగ్గర నిలబడి వీడియో తీశాడు, సగం వీడియోలో వాడి వేలే ఉంది.

వాస్కో కంటే ముందే వచ్చే మడ్గావ్‌లో దిగి కదంబ బస్సెక్కాం. అది అక్కడి ప్రభుత్వ రవాణా సంస్థ. మడ్గావ్ నుంచి పణజికి మధ్యలో ఆగని బస్సులు నడుపుతుంది. టాక్సీ వాళ్ళు చుట్టూ మూగుతారు, బస్టాండ్ దాకా పోయే ఓపికుంటే నలుగురికీ కలిపి కొన్ని వందల్లో పనైపోతుంది.

హోటల్ ఫోటోల్లో కంటే చిన్నదిగా ఉంది. అది ఊహించిందే. మూలన నిలబడి తీస్తే మా షామియానా కూడా కల్యాణ మంటపంలా కనపడుతుంది. దుప్పట్లు శుభ్రం, వేడినీళ్ళు వచ్చాయి, ఏసీ కొంచెం గురక పెట్టింది. రిసెప్షన్ బల్ల మీద నల్లరాయిలో బంగారు చుక్కలు. మా ఆయన దాని మీద చెయ్యేసి రాసి, "ఇది మన చీమకుర్తి గెలాక్సీనే" అన్నాడు. రెండు రోజుల కిందట లారీ వెనక తిట్టుకున్న రాయిని అక్కడ చూసి అంత ముచ్చటపడతాడని నేననుకోలేదు. అబ్బాయి నలుగురి ఆధార్ కార్డులూ తీసుకున్నాడు. ఒక్కరిదిస్తే సరిపోదు, పెద్దవాళ్ళందరివీ చూపించాలి.

ఆ రాత్రి నలుగురం ఓడకు నడిచే వెళ్ళాం. ఒడ్డున కౌంటర్‌లో ప్యాకేజీ కొనాలి. అందులో ప్రవేశం, భోజనం, కొన్ని చిప్స్, అంటే డబ్బుకు బదులు పందెం కాసే బిళ్ళలు ఉంటాయి. ఆ చిప్స్‌లో ఒక రకం ఆడటానికే, తిరిగిచ్చి డబ్బు తీసుకోవడం కుదరదు. 21 ఏళ్ళు నిండనివాళ్ళను రానివ్వరు. విచిత్రమేమిటంటే 2020 నుంచి గోవా వాళ్ళకు కూడా ఆడటానికి ప్రవేశం లేదు. వాళ్ళ నది మీద మనం ఆడి పోగొట్టుకోవాలన్నమాట. పొట్టి నిక్కరు, హవాయి చెప్పులు వద్దని ముందే చెప్పడంతో మరిది పెళ్ళి బూట్లు తెచ్చుకున్నాడు. చిన్న పడవ ఎక్కించి ఓడ దగ్గర దింపారు.

లోపల ఏ బల్ల దగ్గర నిలబడ్డా తెలుగే. "కోసెయ్, కోసెయ్" అని ఒకాయన అరుస్తున్నాడు, యాస నెల్లూరుది. అందర్ బాహర్ అని బోర్డు పెట్టింది మా తోటల్లో ఆడే లోన బయటే. మన దగ్గరైతే 1974 నాటి జూద చట్టం కింద పోలీసు జీపు వస్తుంది, ఇక్కడ కోటు వేసుకున్నాయన వచ్చి మంచినీళ్ళు కావాలా అని అడుగుతున్నాడు. నేను అంకెల చక్రం తిప్పే రౌలెట్ దగ్గర నిలబడి లెక్క చూశాను. సున్నా ఒక్కటే ఉన్న చక్రంలో 37 గళ్ళు. ఒక అంకె మీద కాసి గెలిస్తే ఇచ్చేది 35 రెట్లు. ఆ తేడాతోనే ఓడ నడుస్తుంది. దానికి తోడు కాసినోలో జీఎస్టీ 40 శాతం, గెలిస్తే ఆదాయపు పన్ను 30 శాతం. మరిదికి ఈ లెక్క చెప్పబోతే "ఇప్పుడు చెప్పమాకు వదినా, కలిసొచ్చే టైములో" అన్నాడు.

కలిసి రాలేదు. పదకొండుకు నాకు ఆవలింతలు మొదలయ్యాయి. మేం ముగ్గురం పడవెక్కి ఒడ్డుకొచ్చి, చర్చి ముందు నుంచి నడుచుకుంటూ గదికి చేరాం. కాండోలింలో దిగుంటే వాడికోసం తెల్లవారేదాకా అందరం ఆ సోఫాల్లో పడుండేవాళ్ళం. ఆడేవాణ్ణి ఆడనిచ్చి మిగతావాళ్ళు ఎప్పుడంటే అప్పుడు నడిచిపోగలగడం, నేను గదికిచ్చిన డబ్బంతా దానికే. మరిది మూడింటికి వచ్చాడట. గేటు తీసే అబ్బాయి నిజంగానే ఉన్నాడు.

మర్నాడు మరిది మధ్యాహ్నం దాకా లేవలేదు. పదిన్నరకు టిఫిన్ ఎత్తేస్తారు గనక వాడి వాటా పోయింది. రాత్రంతా ఆడేవాళ్ళకు టిఫిన్ కలిపిన గది దండగ అని అప్పుడు తెలిసింది. మేం ముగ్గురం ఫౌంటెన్హాస్ వీధులు తిరిగాం. తోడికోడలు ప్రతి నీలం గోడ ముందూ ఫోటో దిగింది. తర్వాత నది అవతలి ఒడ్డున ఉన్న బెతిం వైపు పోయే ఫెర్రీ ఎక్కాం. నడిచి ఎక్కేవాళ్ళకు టికెట్ లేదు. ఓడల మధ్యనుంచే పోతుంది. నదీ, ఓడలూ దగ్గర్నుంచి చూడాలంటే రివర్ వ్యూ గది కంటే ఈ ఫెర్రీయే మేలు.

మధ్యాహ్నం చేపల భోజనం. వాళ్ళు కొబ్బరి నూరి, పులుపుకు కోకం వేస్తారు. చింతపండూ పచ్చిమామిడికాయా పడ్డ నెల్లూరు పులుసు తిన్న నాలుకకు అది మెత్తగా తగిలింది. బాగాలేదని కాదు, రెండో రోజు అన్నంలోకి మిగల్చాలనిపించే పులుసు కాదు.

చివరి రోజు పదకొండుకు గది ఖాళీ చెయ్యాలి. ఇంకో గంట అడిగితే ఇచ్చారు, వారం మధ్య గనక గదులు ఖాళీగా ఉన్నాయి. సామాను కౌంటర్ వెనక పెట్టుకోనిచ్చారు. దానికి డబ్బడగలేదు.

ఒంగోలు వచ్చాక గోడౌన్‌లో కూర్చుని ఖర్చు రాశాను. రైలు, గదులు, బస్సులు, తిండి రెండిళ్ళకూ సమానం. ఓడలో మొదటి ప్యాకేజీలు కూడా సమానమే రాశాను. ఆ తర్వాత కొన్న చిప్స్ మాత్రం మరిది పేరు కింద విడిగా రాస్తే, వాడు వచ్చి చూసి, అదీ యాత్ర ఖర్చే కదా వదినా అని ఇప్పటికీ వాదిస్తున్నాడు.