తాళం ఎంతసేపు ఆపుతుంది?

నాలుగో అంతస్తు వాళ్ళబ్బాయి సైకిల్ పోయింది కదా, అప్పట్నుంచీ దానికి వేసిన కేబుల్ తాళం, ఆ తెగిన ముక్క, నా కళ్ళ ముందే ఆడుతోంది. వాచ్‌మన్ దాన్ని సెల్లార్‌లో కరెంటు మీటర్ల పక్కన మేకుకి తగిలించాడు. పైకి బొటనవేలంత లావు. కోసిన చోట చూస్తే అందులో సగానికి పైగా నల్ల ప్లాస్టిక్కే, లోపల సన్నటి తీగలు పేనిన తాడు పెన్సిలంత కూడా లేదు. ఒక్క తీగ చెదరకుండా నున్నగా తెగింది. కట్టర్‌తో ఒక్క నొక్కు నొక్కుంటాడు, అంతే.

అదే తాళం మా బుజ్జి సైకిల్‌కీ ఉంది, అదే షాపులో కొన్నది. "స్టీల్ మేడమ్, తెగదు" అన్నాడతను. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్ళు మండుతోంది. సైకిల్‌కి పదిహేను వేలు తీసుకున్నవాడు, ఈ తాళం ఇంటి ముందు రెండు నిమిషాలు ఆపడానికే పనికొస్తుంది, రాత్రంతా వదిలేయకండి అని చెబితే అతని సొమ్మేం పోయేది?

భోజనాలయ్యాక దాన్ని టేబుల్ మీద పెట్టుకుని కూర్చున్నాను. నంబర్ తెలియనట్టే, రెండు చివరలూ గట్టిగా లాగిపట్టి అంకెల చక్రాలు ఒక్కొక్కటే తిప్పుతూ పోయాను. ఒక అంకె దగ్గర చక్రం పట్టేసినట్టవుతుంది, దాన్ని అక్కడ వదిలి పక్కదానికి పోవడమే. నాలుగు చక్రాలకి లెక్క ప్రకారం 10,000 నంబర్లు. వాటి జోలికే పోనక్కర్లేకపోయింది, టీవీలో వార్తలు అయ్యేలోపు ఊడొచ్చింది. "ఈ మాత్రం దానికి తాళమెందుకే" అన్నారు అత్తయ్య.

ఈయనేమో యూ లాక్ కొనేద్దాం, అదే U అక్షరంలా వంచిన లావుపాటి ఇనప కడ్డీ తాళం, పీడా పోతుంది అంటారు. వాటి కథా చదివాను. 2004లో అమెరికాలో పేరున్న క్రిప్టోనైట్ యూ లాకుల్నే బిక్ బాల్‌పెన్నుతో తెరిచి చూపించారు. గొట్టంలాంటి తాళంచెవి పట్టే రకం అవి. పెన్ను వెనకవైపు గొట్టాన్ని లోపలికి నెట్టి అటూ ఇటూ కదిపితే మెత్తటి ప్లాస్టిక్ లోపలి పిన్నులకి తగ్గట్టు నొక్కుకుపోతుంది, ఇక అదే తాళంచెవి. కంపెనీ ఆ తాళాలు వెనక్కి తీసుకుని వేరేవి ఇవ్వాల్సొచ్చింది. ఇప్పుడా రకం వాడకపోయినా, ఇనుము కోసే బ్యాటరీ గ్రైండర్ ఉన్నవాడి ముందు మామూలు యూ లాక్ నిమిషమో రెండు నిమిషాలో, అంతకంటే ఆగదు.

నాన్న సైకిల్‌కి ఏముండేది? వెనక చక్రం దగ్గర ఫ్రేముకి బిగించిన గుండ్రటి ఇనప తాళం. నొక్కితే చువ్వల మధ్యనుంచి కమ్మీ అడ్డం పడేది. ఒకసారి తెనాలి మార్కెట్లో తాళంచెవి ఎక్కడో జారిపోయింది. నాన్న క్యారేజీ పట్టుకుని వెనక చక్రం గాల్లోకి లేపి, ముందు చక్రం మీద తోసుకుంటూ బయల్దేరారు. వెనకాల కూరల సంచీతో నేను. దార్లో కనిపించిన ప్రతివాళ్ళూ "ఏం మాస్టారూ, ఏమైంది?" అని ఆపడమే. ముగ్గురైతే క్యారేజీ అందుకుని కాస్త దూరం మోశారు కూడా. సైకిల్ షాపతను పంక్చర్ వేస్తున్నవాడల్లా లేచి, పాత చువ్వ ఒకటి తీసి కొస వంచి, కన్నంలో పెట్టి తిప్పాడు. టక్కుమంది. నాకు గుండె ఆగినంత పనైంది. ఇంత తేలిగ్గా వస్తే దొంగ రోజూ తీసుకుపోవచ్చుగా నాన్నా అంటే, "దొంగైతే నన్నడిగినట్టే వాణ్ణీ అందరూ అడుగుతారుగా" అన్నారు. ఆ సైకిల్ నాన్న రిటైరయ్యేదాకా ఉంది. సినిమా హాలు స్టాండులో సీటు మీద సుద్దతో నంబరు రాసి చీటీ ఇచ్చేవాడు, ఆ చీటీ లేకుండా బ్రహ్మదేవుడొచ్చినా బండి కదలనిచ్చేవాడు కాదు.

ఇక్కడిదాకా రాసి చదువుకుంటే తాళాలన్నీ దండగ అని తేల్చేసేలా ఉన్నాను. అలా అనడానికి మళ్ళీ మనసొప్పడం లేదు. నాన్న తాళం ఎక్కి తొక్కుకుంటూ పోయేవాణ్ణి ఆపింది. ఎత్తుకుపోయేవాణ్ణి ఆపే పని బజారుది. హాలెండులో ఇప్పటికీ ఆ చక్రం తాళమే వేస్తారు, కానీ దానికి తోడు గొలుసుతో దేనికో ఒకదానికి కట్టేస్తారు. మా సెల్లార్‌లో అడిగే బజారు లేదు. రాత్రి పదకొండు దాటితే ఎవరు ఏం మోసుకెళ్ళినా వాళ్ళ సామానే అనుకుంటాం. అలాంటి చోట తాళమే ఎక్కువసేపు ఆగాలి. బ్రిటన్‌లో సోల్డ్ సెక్యూర్ అని ఒక సంస్థ తాళాల మీద దొంగల పనిముట్లు ప్రయోగించి, తట్టుకున్నదాన్ని బట్టి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్ అని గ్రేడు ఇస్తుంది. మా తాళం అట్ట మీద "హై సెక్యూరిటీ" అన్న ఒక్క ముక్క తప్ప ఏమీ లేదు.

సరే, యూ లాక్ కొంటాం. దేనికి వెయ్యాలి? స్తంభానికి పట్టదు. మిగిలింది ప్లాస్టిక్ నీళ్ళ గొట్టం, దాన్ని కోస్తే సైకిల్‌తో పాటు అందరి నీళ్ళూ పోతాయి. నేలలో నాలుగు ఇనప కమ్మీలు వంచి పాతించండి అని గ్రూపులో పెడితే, "ఎవరి వస్తువుకి వాళ్ళదే బాధ్యత" అని సెక్రటరీ గారి జవాబు, దానికింద పదిమంది బొటనవేళ్ళు. కార్లకి గీతలు గీయించి నంబర్లు వేయించినప్పుడు ఈ మాట ఎవరూ అనలేదు. పిల్లల సైకిళ్ళనేసరికి ఎవరిది వాళ్ళదైపోయింది.

సాయంత్రం బుజ్జీ నేనూ సైకిల్ తిరగేసి, పెడల్స్ కింద మట్టి తుడిచి, ఫ్రేము మీద కొట్టిన నంబరు వెతికి ఫోటో తీసుకున్నాం. పోలీసులు ముందు అదే అడిగారట, పాపం ఆ అబ్బాయి దగ్గర లేదు. నంబరు కనిపించగానే బుజ్జి ఎగిరి గంతేసింది.

ఆదివారం మీటింగులో కమ్మీల సంగతి మళ్ళీ ఎత్తుతాను. నాలుగో అంతస్తావిడ కూడా వస్తానంది. మేస్త్రీ ఎంత అడుగుతాడో రేపు కనుక్కుని కాగితం మీద రాసుకెళ్ళాలి.