మైకు లేని స్టేజీ మీద

వైజాగ్ వెళ్లొచ్చామంటే అందరూ అడిగేది ఒకటే. కైలాసగిరి ఎక్కారా, సబ్‌మెరైన్ చూశారా? రెండూ చూడలేదు. రుషికొండ వైపు కూడా పోలేదు. నాతో వచ్చిన మనిషి అలాంటివాడు.

మా ఆవిడ చిన్నాన్న. నాకు వరసకు మావయ్య. డెబ్బై నాలుగేళ్లు. బొబ్బిలి వైపు పల్లెటూరు. ముప్ఫై ఏళ్లు పద్యనాటకాలకు హార్మోనియం వాయించి, ఇప్పుడు విజయవాడలో మా వీధి చివర కొడుకు దగ్గర ఉంటున్నాడు. నాది తెనాలి. గొడవంతా అక్కడే మొదలైంది. నాటకం అంటే తెనాలే అని మా నాన్న నమ్మకం, అది నాకూ అంటుకుంది. స్థానం నరసింహారావు సత్యభామ వేషం గురించి మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్కలేదు. బాపట్లలో పుట్టినా తెనాలి మనిషే అయిపోయాడాయన. ఆడవేషాలు వేసి 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. ఇదంతా నేను ఏకరువు పెడితే మావయ్య ఓపిగ్గా విని, "మరి గురజాడోరి కన్యాశుల్కం మొట్టమొదట ఎక్కడాడేరు? 1892లో, విజయనగరంలో. అప్పటికి మీ స్థానంవారు పుట్టనే లేదు గదా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. "ఓసారి నాతో విశాఖపట్నం రా అల్లుడూ, సూపిస్తాను" అన్నాడు. అలా బయల్దేరాం.

రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నానికి దిగాం. తుని దాటిన దగ్గర్నుంచి మావయ్య ఒక పేరు కోసం తెగ అవస్థ పడుతున్నాడు. పాండవోద్యోగం నాటకాల్లో రెండో కృష్ణుడిగా వేసే ఒక నటుడు. పొట్టి మనిషి, కుడికన్ను కాస్త మెల్ల. పద్యం ఎత్తుకుంటే మాత్రం జనం కదిలేవారు కాదట. పేరు నాలుక చివరే ఉంది, బయటికి రావడం లేదు. అనకాపల్లిలో ఒకసారి "అప్పల..." అని ఆగిపోయాడు. ఉత్తరాంధ్రలో ఆ మూడక్షరాలతో మొదలయ్యేవాళ్లు ఎంతమందో మీకు తెలిసిందే.

రెండో కృష్ణుడంటే ఏమిటో ఈ తరానికి చెప్పాలి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు రాత్రంతా ఆడే నాటకం. ఒక్క కృష్ణుడి గొంతు తెల్లవార్లూ నిలవదు. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకొకడు, అవసరమైతే యుద్ధానికి మూడోవాడు. కాంట్రాక్టరు ఒక్కొక్కరికి ఒక్కో రేటు మాట్లాడుకుని తలో ఊరు నుంచి రప్పిస్తాడు. రిహార్సల్ ఉండదు. అర్జునుడూ కృష్ణుడూ మొదటిసారి కలుసుకునేది రంగు వేసుకునే చోటే. వాళ్లందరినీ కలిపి ఉంచే మనిషి హార్మోనిస్టు ఒక్కడే. ఎవరి శ్రుతి ఎంతో, అంటే ఎవరు ఎంత స్థాయిలో పాడతారో, అతనికి నోటికి వచ్చి ఉండాలి. ఒకడు నాలుగున్నర, ఒకడు ఐదు. నటుడు తెర దాటి అడుగు పెట్టేలోపు అతని శ్రుతి పెట్టెలో పలుకుతుండాలి. "మొకం సూసి శ్రుతి ఇచ్చీవాణ్ణి" అని మావయ్య చెప్పుకుంటాడు. అదేమీ గొప్ప కోసం చెప్పే మాట కాదు.

ముందే డబ్బు కట్టిన లాడ్జిలో మా పేరు మీద గది లేదన్నారు. గంటసేపు టెన్షన్. చివరికి వేరేచోట దొరికింది, అంతకంటే చెప్పడం అనవసరం.

ఆ సాయంత్రం పిఠాపురం కాలనీలో కళాభారతికి వెళ్లాం. విశాఖ మ్యూజిక్ అండ్ డ్యాన్స్ అకాడమీ వాళ్ల ఆడిటోరియం అది. మేం వెళ్లిన రోజు వయొలిన్ కచేరీ. మావయ్య వెళ్లి మొదటి వరసలో కూర్చోబోయాడు. అవి వీఐపీలవని లేపారు. ఐదో వరసకు మారాం. కచేరీ బాగుంది. కాని మావయ్య ఒక్కో కీర్తన అయ్యాక నా చెవిలో చెబుతూ వచ్చింది మాత్రం ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కథ.

నాయుడు గారు 1893లో బెంగుళూరులో పుట్టినా పెరిగింది ఈ ప్రాంతంలోనే. చూపు సరిగా ఆనేది కాదు, చదువు సాగలేదు. అన్నగారి దగ్గర ఫిడేలు పట్టుకున్నారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు విద్యార్థిగా చేరదామని వెళ్లారు. వాయింపు విన్నాక ఇరవై ఆరేళ్ల కుర్రాణ్ణి ఏకంగా అధ్యాపకుడిగా వేసుకున్నారు. అప్పటి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు. ఆయన తర్వాత 1936లో ఆ కుర్చీ నాయుడు గారిదే అయింది. ఆ రోజుల్లో వయొలిన్ అంటే పక్కవాద్యమే, పాడేవాడి వెనక నడవాల్సిందే. ఫిడేలొక్కదానితోనే పూర్తి కచేరీ నిలబడుతుందని ఆయన వాయించి చూపించారు.

"మేం హార్మోనిస్టులం కూడా పక్కవాద్యగాళ్లమే గదా. మాలో ఒక్కడూ అలా బయటికి రాలేదు" అన్నాడు మావయ్య. మృదంగం తనియావర్తనం మొదలవడంతో ఆ మాట అక్కడితో ఆగింది.

ఆదివారం పొద్దున ఆరున్నరకే వన్ టౌన్ వెళ్లాం. ఇంత పొద్దున్నే వద్దని నేనంటే వినలేదు. ఆటోవాడు "టౌన్ హాలా? ఈ టయానికి ఏటుంటాది సార్ అక్కడ?" అని మమ్మల్ని వింతగా చూశాడు. పాత ఊరు అప్పుడే లేస్తోంది. హార్బరు వైపు నుంచి చేపల వాసన, రాస్ హిల్ మీద చర్చి, సందు మలుపులో ఇడ్లీ బండి దగ్గర ఆవిరి. టౌన్ హాలు తలుపులు తెరిచే వేళ కాలేదు, అది మా తప్పే. రోడ్డు మీద నిలబడే చూశాం. బొబ్బిలి రాజావారి విరాళంతో లేచిన కట్టడం, వందేళ్లు దాటింది. మైకులూ స్పీకర్లూ వాడుకలోకి రాకముందు కట్టిన హాలు కాబట్టి గొంతు ఉన్నవాడికే అందులో మర్యాద.

బొబ్బిలి పేరు వినగానే మావయ్య ఛాతీ రెండంగుళాలు పెరగాలి. పెరగలేదు. "డబ్బిచ్చినోడి పేరు అందరికీ తెలుసు. ఇందులో గొంతు సించుకున్నోళ్ల పేర్లు ఏవీ?" అన్నాడు. రాజుగారు డబ్బివ్వకపోతే గొంతు చించుకోవడానికి చోటే ఉండేది కాదు కదా మావయ్యా అన్నాను. "అదీ నిజమే" అని ఒప్పుకున్నాడు గాని, ఇడ్లీ తింటున్నంతసేపూ మొహం ముడుచుకునే ఉన్నాడు.

ఇడ్లీ బండి పక్కన అరుగు మీద కూర్చున్నప్పుడు పీసపాటి నరసింహమూర్తి మాట వచ్చింది. ఉత్తరాంధ్రలో కృష్ణుడంటే ఆయనే. బలిజిపేట దగ్గర వంతరాంలో 1920లో పుట్టాడు. హరికథా పితామహుడు ఆదిభట్ల పుట్టిన అజ్జాడ కూడా ఆ బలిజిపేట చుట్టుపక్కలదే. "ఒక్క మండలం! తెనాల్లో ఉందేటి అలాంటిది?" అన్నాడు మావయ్య. పద్యం చివర నిమిషాల తరబడి రాగం తీసి వన్స్ మోర్‌లు కొట్టించుకునే కాలంలో పీసపాటి కృష్ణుడు మాట విరుపు మీద నడిచేవాడని, పద్యం అర్థమై జనం నవ్వేవారని మావయ్య చెప్పాడు. ఇక్కడ నాకు కొంచెం పేచీ ఉంది. రాగం కోసమే నాటకానికి వెళ్లేవాళ్లు నాకు తెలుసు, మా నాన్న అందులో ఒకడు. రాగం లేని పద్యం ఆయనకు ఉప్పు లేని పప్పు. ఈ విషయం తేలలేదు. మావయ్య ఇంకో రెండు ఇడ్లీ చెప్పాడు.

మధ్యాహ్నం ఆంధ్రా యూనివర్సిటీ. నాకు బాగా నచ్చింది ఇక్కడే, ఈ రెండ్రోజుల్లో.

ఈ యూనివర్సిటీ 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరు కొండల మీదికి వచ్చింది. యుద్ధకాలంలో సామాన్లు సర్దుకుని గుంటూరు వెళ్లి, మళ్లీ తిరిగొచ్చింది. దీనికి రిజిస్ట్రారుగా చేసిన కె.వి. గోపాలస్వామి గారికి నాటకం పిచ్చి. రిజిస్ట్రారు అంటే పరీక్షలు, ఫైళ్లు, సంతకాలు అనుకుంటాం. ఆయన విద్యార్థుల చేత నాటకాలు ఆడించాడు, కాలేజీల మధ్య పోటీలు పెట్టాడు, ఆరుబయట రంగస్థలం కట్టించాడు. లైబ్రేరియన్ అబ్బూరి రామకృష్ణారావు గారిదీ అదే పిచ్చి. ఒక యూనివర్సిటీలో రిజిస్ట్రారు, లైబ్రేరియన్ ఇద్దరూ నాటకాల మనుషులే కావడం ఇప్పుడు ఊహించండి. గొల్లపూడి మారుతీరావు విద్యార్థిగా గోపాలస్వామి గారి నీడలోనే నాటకాలు ఆడాడు. అలా ఆయన ఆడిన, భమిడిపాటి రాధాకృష్ణ రాసిన 'మనస్తత్వాలు' 1958లో ఢిల్లీలో విశ్వవిద్యాలయాల నాటకోత్సవం దాకా వెళ్లింది.

ఆదివారం కావడంతో ఆ ఆరుబయట రంగస్థలం దగ్గర ఎవరూ లేరు. వాచ్‌మన్‌కు మావయ్య తన కథంతా చెప్పుకున్నాడు. "ఐదు నిమిషాలే తాతా" అని వదిలాడు. మావయ్య మోకాళ్లు పట్టుకుని స్టేజీ ఎక్కాడు. నన్ను పోయి వెనక కూర్చోమన్నాడు. ఎండ, చెట్లు, దూరంగా రోడ్డు మీద బస్సుల చప్పుడు. గొంతు సవరించుకుని రాయబారంలో పద్యం ఎత్తుకున్నాడు.

నిజం చెప్పాలి. గొంతు బాగాలేదు. మొదటి పాదంలోనే జీర. అయినా ప్రతి అక్షరం నా దాకా వచ్చింది. రెండో పాదానికి ఊపిరి అందక ఆగాడు. ఆగినచోట అలవాటుగా కుడిచేతి వేళ్లు గాల్లో కదిలాయి, అక్కడ హార్మోనియం మెట్లు ఉన్నట్టు. వాచ్‌మన్ బీడీ ఆర్పేసి, "మా నాయిన జెవీ రమణమూర్తి గార్ని గిరీశం యేషంలో సూసేడంట" అన్నాడు.

దాంతో ఐదు నిమిషాలు కాస్తా గంటయింది. కన్యాశుల్కంలో రమణమూర్తి గిరీశం, అన్న సోమయాజులు రామప్ప పంతులు. విజయనగరం అన్నదమ్ములు. నలభై ఏళ్లకు పైగా, వెయ్యికి పైగా ప్రదర్శనలు. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేస్తూనే సోమయాజులు ముఖానికి రంగు వేసుకున్నాడు. 1980లో శంకరాభరణం వచ్చాకే ఆయనెవరో మిగతా ప్రపంచానికి తెలిసింది. అంతకు ముందే ఇక్కడివాళ్లకు ఆయన రామప్ప పంతులు. పైగా కన్యాశుల్కం కథ చివరికి వచ్చి తేలేది విశాఖపట్నంలోనే, సౌజన్యారావు పంతులు ఇంట్లో. ఈ ఊళ్లో ఆ నాటకం ఆడితే, జరిగిన చోటే మళ్లీ జరుగుతున్నట్టు.

రాత్రి బండికి ముందు బీచ్‌లో కాసేపు కూర్చుని ముంత మసాలా తిన్నాం. తెనాలి గొప్పా, ఇది గొప్పా అని మావయ్య అడగలేదు. నేనూ ఎత్తలేదు. ఆయన ఇంకా ఆ మెల్లకన్ను కృష్ణుడి పేరు కోసమే వెతుక్కుంటున్నాడు. "అప్పలస్వామా? అప్పలనరసయ్యా?" రైల్లో పడుకున్నాక కూడా పైబెర్తు నుంచి గొణుగుడు వినబడింది.

తొమ్మిది రోజుల తర్వాత తెల్లవారుజామున ఐదింటికి ఫోను మోగింది. ఈ వయసువాళ్ల దగ్గర్నుంచి ఆ వేళలో ఫోను వస్తే గుండె జారుతుంది. మా ఆవిడ లేచి కూర్చుంది.

"దొరికింది అల్లుడూ!"

"పేరా మావయ్యా?"

"పేరు కాదు, శ్రుతి. ఐదున్నర. రాయబారం అయిపోయీవరకూ ఐదున్నరలోనే పాడీవాడు, ఎక్కడా దించీవాడు కాదు."

"మరి పేరు?"

"అదింకా రాలేదు" అని ఫోను పెట్టేశాడు.