కొహిమాలో ఆకలికి ఓడిన జపాన్ డివిజన్

రెండో ప్రపంచ యుద్ధం అనగానే మనవాళ్లకు హిట్లరే గుర్తొస్తాడు. జపాన్ సైన్యం మన నాగాలాండ్ దాకా వచ్చిందని చెప్తే మా మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదివే పిల్లలు కూడా "నిజమా అన్నా?" అంటారు. నిజమే. 1944 మార్చి 15 రాత్రి జపాన్ 31వ డివిజన్ (వేల మంది ఉండే పెద్ద దళం) బర్మాలో చింద్విన్ నది దాటడం మొదలుపెట్టింది, ఏప్రిల్ మొదటి వారానికల్లా కొహిమాను చుట్టేసింది.

ఈ డివిజన్‌కు పెద్ద చరిత్రేం లేదు. 1943లో బ్యాంకాక్‌లో వేరే దళాల నుంచి తలా కొంతమందిని తెచ్చి కట్టారు. 58, 124, 138 అని మూడు రెజిమెంట్లు. అందులో 124వది అప్పటికే గ్వాడల్‌కెనాల్ దీవిలో తిండిలేక సగం చచ్చి వచ్చినది. అంటే ఆ రెజిమెంటుకు ఇది రెండో కరువు.

డివిజన్ కమాండర్ కొతోకు సాతో. ఆయన పైన 15వ ఆర్మీ కమాండర్ రెన్యా ముతాగుచి. ఇద్దరికీ 1930ల నుంచే, సైన్యంలో ముఠాలు ఉన్న రోజుల నుంచే, పడదు. ముతాగుచికి మనతో ఇంకో లింకు ఉంది. 1941 డిసెంబర్ 8న మలయాలోని కోటాబారు ఒడ్డున దిగిన జపాన్ దళం ఆయన కింద ఉన్న 18వ డివిజన్‌లోదే, అక్కడ విమానాశ్రయం కాపలాకు ఉన్నది నిజాం సంస్థానం నుంచి వెళ్లిన 1వ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ. దీని గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు, ఎందుకో.

సరే, అసలు విషయం తిండి. ముతాగుచి లెక్క ఏంటంటే సైనికులు మూడు వారాల సరుకు మోసుకుపోతారు, ఆలోపు ఈ దాడికి అసలు గురి అయిన ఇంఫాల్‌లో బ్రిటిష్ గోదాములు చేతికొస్తాయి, తర్వాత వాళ్ల తిండే తినొచ్చు. ఇంకా తక్కువ పడితే? దానికి వేల పశువులను వెంట తోలారు. దారిలో సామాను మోస్తాయి, తర్వాత కోసుకుని తినొచ్చు, చెంగిజ్ ఖాన్ అట్లాగే చేశాడట.

దీన్ని పశువుల బేరం చేసే మా పెద్దనాయనకు చెప్పాను, పెబ్బేరు సంతలో ఎడ్లను చూసి చూసి ముసలాయన అయినవాడు. నవ్విండు. "బండి గుంజే ఎద్దు మీద మూట వేస్తే మోస్తదారా? లంబాడోళ్ల ఎడ్లయితే దూడప్పటి నుంచే అలవాటు. వాళ్లు కూడా మేత ఉన్న దిక్కే, నీళ్లున్న దిక్కే మెల్లగ పోతుండ్రి" అన్నాడు. ఆయన మాటలో చరిత్ర ఉంది. దక్కన్‌లో మొఘలుల సైన్యాలకైనా నిజాం సైన్యాలకైనా ధాన్యం అందింది బంజారాల ఎడ్ల మీదే. అంటే ఆలోచన మరీ పిచ్చిది కాదు, కానీ అలవాటు లేని బర్మా ఎడ్లను పట్టుకుని, మేత దొరకని నిట్టనిలువు కొండల్లోకి, సైన్యం నడిచే వేగంతో తోలితే ఏమైతది? చాలా పశువులు చింద్విన్ దగ్గరే కొట్టుకుపోయాయి, మిగిలినవి కొండదారుల్లో కూలబడ్డాయి, కొన్ని మూటలతో సహా లోయల్లో పడ్డాయి.

సాతోకు ఇది ముందే తెలుసు. బయల్దేరకముందే తన ఆఫీసర్లతో మనమంతా ఆకలితో చావచ్చు అని మొహం మీదే చెప్పాడు.

దారిలో సాంగ్‌షాక్ దగ్గర బ్రిటిష్ ఇండియా సైన్యంలోని మన 50వ పారాచూట్ బ్రిగేడ్ 58వ రెజిమెంటును మార్చి 22 నుంచి 26 దాకా ఆపేసింది. ఆ నాలుగు రోజులు తర్వాత చాలా పనికొచ్చాయి. కొహిమాలో బ్రిటిష్ వైపు ఉన్నది 2,500 మంది, అందులో తుపాకీ పట్టి కొట్లాడేవాళ్లు 1,500 దాకా. జపాన్ వాళ్లు నీళ్ల పైపులు కోసేశారు. డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకు ఆ చివర ఒకళ్లు, ఈ చివర ఒకళ్లు, మధ్యలో గ్రెనేడ్లు. అయినా గుట్ట దిగలేదు. ఏప్రిల్ 18న సాయం వచ్చే దాకా పట్టుకున్నారు.

అసలు రైలు, గోదాములు అన్నీ ఉన్నది 74 కిలోమీటర్ల అవతల దిమాపూర్‌లో. ముతాగుచి అక్కడికి పొమ్మన్నాడు, సాతో ఇష్టం లేకుండానే ఒక బెటాలియన్‌ను పంపాడు, ముతాగుచికి పై అధికారి కవాబె వద్దని వెనక్కి పిలిపించాడు. ఇంత సరుకు దగ్గర్లో పెట్టుకుని ఆకలితో కూర్చున్నారన్నమాట.

మే నెలంతా అట్లనే. వెనక నుంచి ఒక్క బియ్యం మూట రాలేదు, పైన వానలు మొదలైనయి. సరుకు పంపకపోతే జూన్ 1కి కొహిమా వదిలి వెనక్కి పోతానని సాతో వైర్‌లెస్‌లో చెప్పాడు. పంపలేదు. మే 31న చెప్పినట్టే వెనక్కి తిప్పాడు, ఆర్డర్ లేకుండా. జపాన్ సైన్యంలో డివిజన్ కమాండర్ ఇట్లా చేయడమంటే మాటలు కాదు. ఉఖ్రుల్‌లో బియ్యం ఉంటుందన్నారు, అక్కడా ఏమీ లేదు. మలేరియా, విరేచనాలు, మోకాళ్ల దాకా బురద. ఈ మొత్తం దాడికి వచ్చిన 85 వేల మందిలో జపాన్ లెక్కల ప్రకారమే 30 వేల దాకా చనిపోయారు, తూటాల కన్నా ఆకలికి, రోగాలకే ఎక్కువ. దాడికి వచ్చిన మూడు డివిజన్ల కమాండర్లనూ మధ్యలోనే పీకేశారు.

సాతోను నేను హీరో అనను. ఆయన వెనక్కి తిరగడం వల్ల పక్క డివిజన్ ఇరుకున పడింది, దారి కాయమని వెనక వదిలిన మియజాకి దళం బాగా నలిగింది. కానీ ఆయన తప్పించుకోలేదు. ఆత్మహత్య చేసుకొమ్మన్నట్టు కత్తి చూపిస్తే ఒప్పుకోలేదు, నన్ను కోర్టు మార్షల్ చేయండి, అక్కడ అన్నీ చెప్తా అన్నాడు. విచారణ జరిగితే పైవాళ్ల బండారం బయటపడుతుంది కాబట్టి డాక్టర్లతో మతి చెడిందని రాయించి పక్కన పెట్టారు. ముతాగుచిని కూడా తీసేశారు కానీ, 1945 జనవరిలో మళ్లీ పిలిచి ఆఫీసర్లు కాబోయే పిల్లల స్కూలుకు హెడ్‌గా వేశారు.