ఎనిమిదడుగుల వరండా

ఒడిశాలోని సునాబేడలో ఇళ్ల ప్లాన్లు గీసి బతుకుతున్నాను. మా నాన్న తాపీ మేస్త్రీ. 1960ల్లో ఇక్కడ విమానం ఇంజన్ల ఫ్యాక్టరీ వస్తోందంటే, క్వార్టర్ల పనికని సాలూరు నుంచి ఘాటీ ఎక్కి వచ్చేశాడు. నేను చదివింది ఒడియా బడిలో, ఇంట్లో మాట్లాడింది తెలుగు. అందుకే ఆంధ్రా, ఒడిశా సరిహద్దులోని కొటియా ఊళ్ల గొడవ పేపర్లో పడ్డప్పుడల్లా ఏ పక్కా మాట్లాడలేక ఊరుకుంటాను.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడ్డాక సర్వేకి అందకుండా మిగిలిపోయిన 21 ఊళ్లవి. 1968లో సుప్రీంకోర్టు ఎక్కడివి అక్కడే ఉంచమంది. అప్పట్నుంచి రెండు ప్రభుత్వాలూ మావంటే మావంటున్నాయి. అక్కడివాళ్లలో చాలామందికి రెండు రేషన్ కార్డులు, రెండు ఓట్లు. ఇక కట్టడాల సంగతి చెప్పాలంటే, ఒకరు బడి కడితే రెండోవాళ్లూ కడతారు. ఒకరు రోడ్డు వేస్తే ఇంకొకరు బోర్డు పాతుతారు.

పోయిన వానాకాలం ఒక కాంట్రాక్టరు ఆ ఊళ్లలో ఒకదానికి నన్ను తీసుకెళ్లాడు. కొత్త భవనానికి ప్రహరీ, గేటు గీయాలి. దారికి అటు బడి ఒక రాష్ట్రానిది, ఇటు లేచేది రెండోదానిది. గేటు మాత్రం అటువైపు తెరుచుకోకూడదని పైనుంచి మాట వచ్చింది. బోరింగ్ అటే ఉంది, పిల్లలు నీళ్లకి చుట్టూ తిరగాలి కదా అన్నాను. వినలేదు. చెప్పినట్టే గీసిచ్చాను. ముప్ఫై ఏళ్లుగా గోడలు గీస్తున్నా, ఆ ఒక్క గీత ఇప్పటికీ గుండెల్లో ముల్లులా ఉంది.

కొలతలు తీస్తుండగానే వాన దబదబా మొదలైంది. ఆరుబయట ఆడుకుంటున్న పిల్లలంతా పాత బడి వరండాలోకి పరుగు తీశారు. వాళ్లలో ఒడియా బడివాళ్లూ ఉన్నారు, తెలుగు బడివాళ్లూ ఉన్నారు. ఒకరికొకరు తమ కొండభాష కూవిలో ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. వరండా నాలుగడుగులే. ముందు వరసవాళ్లకి జల్లు కొడుతోంది. పలకని కడుపుకి హత్తుకుని, వీపు వానకిచ్చి నిలబడ్డాడొక కుర్రాడు. పక్కన విస్తరాకులు కుడుతున్న ముసలమ్మ నా చేతిలో టేపు చూసి, "కొత్తదానికైనా వరండా కొంచెం పెద్దగా వేయించు బాబూ, పిల్లలు తడిసిపోతన్నారు" అంది. ఏ రాష్ట్రం నుంచి వచ్చావని నన్ను అడగలేదు.

ఆ రాత్రి బోస్నియాలోని మోస్తార్ అనే ఊరి వంతెన గురించి చదువుతూ కూచున్నాను. నెరెట్వా నది మీద 1566లో కట్టిన రాతి వంతెన. 1993 నవంబరు 9న, అక్కడి యుద్ధంలో, క్రొయేట్ దళాల ఫిరంగి దెబ్బలకి నీళ్లలో కూలిపోయింది. మళ్లీ కట్టేటప్పుడు పాత పద్ధతిలోనే టెనెలియా అనే అక్కడి రాయి తెచ్చారు, రాయికీ రాయికీ ఇనప బందులు వేసి సీసం కరిగించి పోశారు. తాపీవాడి కొడుకుని, ఆ సీసం పోసిన వివరమే రెండుమూడు సార్లు చదువుకున్నాను. ఖర్చులో క్రొయేషియా ప్రభుత్వం కూడా వాటా వేసింది. 2004 జులై 23న వంతెన తెరిచారు. అయితే అదే ఊళ్లో, అదే ఏడాది ఒకే పాలన కిందకి తెచ్చిన హైస్కూల్లో ఆ యుద్ధంలో పోరాడుకున్న రెండు వర్గాల పిల్లలూ, బోస్నియాక్‌లూ క్రొయేట్‌లూ, ఒకే కప్పు కింద వేరువేరు పాఠాలే చదువుతున్నారని కూడా ఉంది. దాంతో మనసు కలుక్కుమంది. రాయి అతుక్కున్నంత తొందరగా బడి అతుక్కోలేదు.

అందుకని కట్టడం గొడవ తీరుస్తుందని నేను అనను. సరిహద్దు తేల్చాల్సినవాళ్లు వేరే ఉన్నారు. కానీ గేటు ఎటు తెరుచుకోవాలి, అరుగు ఎంత వెడల్పుండాలి, నీళ్ల కుళాయి గోడకి లోపలా బయటా అన్నవి మా కాగితం మీదే తేలతాయి. అక్కడ చేసిన తప్పుకి మూల్యం పిల్లలు రోజూ కాళ్లతో నడిచి చెల్లిస్తారు.

మర్నాడు కాంట్రాక్టరుకి ఫోన్ చేసి వరండా ఒక్కటీ మార్చనివ్వమన్నాను. గేటు మాట ఎత్తొద్దు, వరండా అయితే నీ ఇష్టం అన్నాడు. కొత్తదాని ప్లానులోనూ నాలుగడుగులే ఉన్న వరండాని, రెండు స్తంభాలు బయటికి జరిపి ఎనిమిదడుగులు చేశాను. అంచు పొడవునా కూచోడానికి అడుగున్నర ఎత్తు అరుగు పెట్టాను. దారివైపు గోడ కట్టకుండా వదిలేశాను. గేటు కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాను.