పైకప్పు మీద రాత

జ్వరం మొదలైన తొమ్మిదో రోజున డ్యూటీ డాక్టరమ్మ "అమ్మా, ఒకసారి పక్కకి తిరుగుతారా" అంది. నడుం మీద, సరిగ్గా లంగా బొందు కట్టే చోట, చిన్న నల్లటి పక్కు. సిగరెట్టుతో చురక పెట్టినట్టుంది. నొప్పి లేదు, దురద లేదు. బొందు ఒరుసుకుందనుకుని వారం నుంచీ దాని మీద కొబ్బరినూనె రాస్తున్నాను.

అప్పటిదాకా అందరూ రక్తంలోనే వెతికారు. మలేరియా కాదు, డెంగీ కాదు. వైడాల్‌లో ఏదో కాస్త కనిపించిందని మొదట వెళ్ళిన ఆసుపత్రిలో టైఫాయిడ్ అనేసి ఐదు రోజులు ఇంజెక్షన్లు పొడిచారు. జ్వరం 103 నుంచి కదల్లేదు. ప్లేట్‌లెట్లు 60 వేలకు దిగేసరికి మా ఆయనకి టెన్షన్ పట్టుకుని విశాఖ తీసుకొచ్చారు.

"స్క్రబ్ టైఫస్ అనుకుంటున్నా. ఈమధ్య తుప్పల్లోకేమైనా వెళ్ళారా?"

వెళ్ళాను. దసరా సెలవుల్లో మామిడితోట గట్టున తుప్పలు కొట్టిస్తూ రెండు రోజులు గడ్డిలోనే కూర్చున్నాను. కంటికి ఆనని పురుగు పిల్ల ఏదో అక్కడే కుట్టింది. రిపోర్టు రాకముందే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టింది ఆవిడ. రెండో రోజు రాత్రి దుప్పటి తడిసిపోయేలా చెమట పట్టి జ్వరం దిగింది.

తర్వాతి నెల జావ, మంచం, ఫోను. ఈ జబ్బు గురించి ఎక్కడ చదివినా బర్మా యుద్ధమే తగిలేది. మా తాతయ్య రంగూన్‌లో రైసు మిల్లు కూలీ. 1942లో జపాను వాళ్ళొచ్చినప్పుడు మనవాళ్ళు లక్షలమంది కొండలూ అడవులూ దాటి నడిచొస్తే, కాలు విరిగి ఆయన అక్కడే ఉండిపోయారు. "మిలట్రీ దిగేసరికి ఊళ్ళో జపానోడు లేడే అమ్మా, వానే ఉంది" అనేవారు. చిన్నప్పుడు కోత అనుకునేదాన్ని.

కోత కాదు. జపాను నుంచి రంగూన్ విడిపించడానికి బ్రిటిష్ వాళ్ళు వేసిన ప్లాను పేరు ఆపరేషన్ డ్రాక్యులా. (నన్ను కుట్టింది మాత్రం రక్తం తాగే రకం కూడా కాదట.) 1945 మే 1న గూర్ఖా పారాట్రూపర్లు నది ముఖద్వారంలో ఎలిఫెంట్ పాయింట్ దగ్గర దిగారు. మర్నాడు 26వ ఇండియన్ డివిజన్ జోరువానలో నదికి రెండు ఒడ్డులా దిగింది. జపాను సైన్యం అప్పటికే ఊరు ఖాళీ చేసి పోయింది. ఆ సంగతి జైల్లో ఉన్న యుద్ధఖైదీలు పైకప్పు మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసి పెట్టారు. ఎవరూ నమ్మరేమోనని కింద ఇంకో ముక్క చేర్చారు, త్వరగా తెమలండ్రా అనే అర్థంలో, బ్రిటిష్ వైమానిక దళం కుర్రాళ్ళు వాడుకునే మోటు మాట. విమానాల్లోంచి చదివారు కూడా. అయినా ప్లాను మారలేదు. చివరికి ఒక వింగ్ కమాండర్ ఊరి బయట మింగలడాన్ విమానాశ్రయంలో తన మస్కిటో విమానం దించి, అది దెబ్బతింటే నడుచుకుంటూ జైలుకి వెళ్ళి, అక్కడి నుంచి పడవెక్కి నదిలో ఎదురెళ్ళి, ఊరు ఖాళీ అని సైన్యానికి చెప్పాడు.

ఇది చదివినప్పుడు చెయ్యి దానంతటదే నడుం మీదికి పోయింది.

ఉత్తరం నుంచి రోడ్డున వస్తున్న బ్రిటిష్ జనరల్ స్లిమ్ సైన్యాన్ని అదే వాన పెగూ దగ్గర ఆపేసింది. స్లిమ్‌కి అసలు తలనొప్పి జబ్బులే. 1943లో గాయపడి వెనక్కి పంపిన ఒక్కో మనిషికీ 120 మంది జబ్బు మనుషులు ఉండేవారట. మలేరియా మాత్రలు నిజంగా మింగుతున్నారో లేదో హఠాత్తుగా పరీక్షలు చేయించి, లెక్క తప్పితే ఆ దళం అధికారిని పీకేసేవాడు. ముగ్గురు పోయాక మిగిలినవాళ్ళు దారికొచ్చారు. నేను కోర్సు పూర్తిచేసే దాకా మా ఆయన చేసింది కూడా ఇంచుమించు అదే, నోరు తెరిపించి మరీ చూసేవారు. నాకు వచ్చినదానికి మాత్రం అప్పుడు మందే లేదు. క్లోరాంఫెనికాల్ పనిచేస్తుందని మలయాలో తేలింది 1948లో.

పక్కు రాలిపోయింది, మచ్చ ఉంది. జుట్టు మాత్రం దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా వస్తోంది. తోట గట్టు మీద సగం తుప్పలు అలాగే మిగిలిపోయాయి. నన్ను వెళ్ళనివ్వకుండా మా ఆయన గమ్ బూట్లు కొనుక్కొచ్చారు. ఆయన సైజువి.