బోల్టు బిగించడం వచ్చాకే ఇంజిన్ విప్పించాలి

హైస్కూల్లో ఆటోమోటివ్ తరగతి అనగానే ముందు ఇంజిన్ విప్పించాలని అనిపిస్తుంది. తొలి బ్యాచ్‌కు నేనూ అదే చేశాను. స్ప్లెండర్ ఇంజిన్ విప్పడం ఒక్క పూటలో అయింది. బిగించడానికి వారం పట్టింది, పైగా బోల్టులు మిగిలాయి. తర్వాతి బ్యాచ్ నుంచి వరస మార్చాను.

మొదటి రెండు వారాలు ఇంజిన్ జోలికి పోను. తుక్కు కొట్టులో పాత అల్యూమినియం కవర్లు, ఎం6 బోల్టులు కొంటాను. ఎం6 అనగానే పిల్లలు 6 నంబరు పానా కోసం వెతుకుతారు. 6 అన్నది మర ఉన్న కాడ లావు, మిల్లీమీటర్లలో. తలకు పట్టేది 8 లేదా 10. పానా పట్టేముందు బోల్టు వేళ్లతోనే మూడు చుట్లు ఎక్కాలి. ఎక్కనంటే మర అడ్డం పడుతోందన్నమాట. అప్పుడు బోల్టును మెల్లగా వెనక్కి తిప్పమంటాను. ఒకచోట ‘టక్’మని కొంచెం కిందికి దిగుతుంది. ముందుకు తిప్పాల్సింది అక్కణ్నుంచే.

తర్వాత చేతి అంచనాతో బిగించమని, టార్క్ రెంచి (ఎంత బలంతో బిగించామో కొలిచే పానా) పెట్టి చూపిస్తాను. అల్యూమినియంలో ఎం6కు సుమారు 10 న్యూటన్ మీటర్లు చాలు. పదిహేనేళ్ల కుర్రాడు పొడుగు పానా పట్టాడంటే దాన్ని సులువుగా దాటేస్తాడు. అందుకే ఒక పాత కవర్‌లో కావాలనే మర పోగొట్టిస్తాను. బిగుస్తూ బిగుస్తూ ఉన్నట్టుండి మెత్తబడే ఆ క్షణం చేతికి తెలియాలి. మాటల్లో చెబితే ఎక్కదు.

స్పార్క్ ప్లగ్గుకూ ఇదే పద్ధతి. ప్లగ్గు దిగే హెడ్ అల్యూమినియం కాబట్టి అక్కడ మర పోతే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఇంజిన్ చల్లారాకే విప్పాలి.

బ్రేకు డ్రమ్ము తీసిన వెంటనే పిల్లలు నోటితో ఊదుతారు. పాత షూల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతోనే తుడవాలి. ఇంజిన్ నడుస్తుండగా చైన్ తుడవనివ్వను. చున్నీలు, ఉంగరాలు, చేతి గడియారాలు ముందే పక్కన పెట్టించాలి.

ఇక క్రాంక్‌కేస్ కవర్, అంటే ఇంజిన్ పక్కన మూతలా ఉండేది. దాని బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. పొట్టిది పొడుగు రంధ్రంలో పడితే పట్టు చాలక మర లేచిపోతుంది. పొడుగుది పొట్టి రంధ్రంలో పడితే అడుగు తగిలి కేసింగ్ పగులుతుంది. అందుకని అట్టముక్క మీద కవర్ ఆకారం గీయించి, తీసిన బోల్టును తీసినచోటే గుచ్చిస్తాను. చిన్న వాషర్లకు కోడిగుడ్ల అట్ట.

ఎక్కువమంది తడబడేది ట్యాపెట్ దగ్గరే, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు సరిచేసే చోట. ఫ్లైవీల్ (ఇంజిన్‌తోపాటు తిరిగే చక్రం) మీది ‘టి’ గుర్తు కవర్ గీతకు కలిసిందని ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) పెట్టేస్తారు. ఆ గుర్తు ప్రతి చుట్టుకూ వస్తుంది, వాల్వులు రెండూ మూసుకుని ఉండే కంప్రెషన్ మాత్రం రెండు చుట్లకోసారే. రాకర్లు రెండూ వేలితో కదిపితే కొద్దిగా ఆడాలి. ఆడకపోతే ఇంకో పూర్తి చుట్టు తిప్పి మళ్లీ కలపాలి. స్క్రూతో సందు సరిచేశాక దాని నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా దాంతోపాటే తిరిగిపోతుంది, కాబట్టి బిగించాక గేజ్ ఇంకోసారి పెట్టి చూడాలి.

నలుగురైదుగురికి ఒక బల్ల, ఒక మాన్యువల్. ఒకరు పైకి చదవాలి, ఒకరు చెయ్యాలి, ఒకరు అట్టకు కాపలా. పీరియడ్ మధ్యలో మార్పిస్తాను. లేకపోతే చొరవ ఉన్నవాడి చేతిలోంచి పానా బయటికి రాదు.

అంతా బిగించి ఆయిల్ పోశాక, ప్లగ్గు తీసి ఉంచి ఓ పదిహేను కిక్కులు కొట్టిస్తాను, ఆయిల్ పైకి చేరడానికి. ప్లగ్గు పెట్టి స్టార్ట్ చేసేది ఆ తర్వాతే. అది కూడా కోడిగుడ్ల అట్ట పూర్తిగా ఖాళీ అయితేనే.