వాల్వ్ మార్చినా ఆగని గాలి

బైకు వెనక టైరులో గాలి మళ్ళీ 26న్నర పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత). నిన్న తెల్లవారుజామున 28 కొట్టి మూత బిగించాను, బండిని షెడ్డు దాటించలేదు. ఈరోజు అదే వేళకు గేజి పెడితే ఇదీ వరస. ముందు టైరు మాత్రం 25 దగ్గరే కదలకుండా ఉంది, దాని గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

పొద్దునకు పొద్దున చూడటానికి కారణముంది. తిరుపతి ఎండలో సాయంత్రం కొట్టిన గాలి, వాతావరణం పది డిగ్రీలు చల్లబడితే చిల్లు లేకపోయినా దాదాపు ఒకటిన్నర పీఎస్‌ఐ తక్కువ చూపిస్తుంది. ఆ లెక్క తీసేయకపోతే లేని లీకును వెతుక్కుంటాం.

అసలు కథ వాల్వ్ దగ్గర మొదలైంది. కరకంబాడి రోడ్డులో పంక్చర్ షాపాయన చక్రం విప్పి తొట్టిలో ముంచి తిప్పాడు. ఒక్క బుడగ రాలేదు. "ఏమీ లేదు సామీ, పిన్ను మార్చినా, ఇంక చూడబల్లే" అన్నాడు. పిన్నంటే వాల్వ్ లోపలి చిన్న ముక్క, వాల్వ్ మాత్రం పాతదే. బండి నిలబెడితే రోజుకు ఒకటిన్నర పోయేది. శ్రీకాళహస్తి వెళ్ళొస్తే మాత్రం మర్నాటికి 23. నడిస్తేనే ఎక్కువ పోయే గాలి తొట్టిలో ఎలా దొరుకుతుంది? వాల్వ్ మొదట్లో సబ్బునీళ్ళు పోసి, కాడను వేలితో పక్కకు వంచాను. రిమ్ముకు ఆనుకున్న చోట గుండుసూది తలంత బుడగలు వరసగా లేచాయి. వదిలేస్తే ఆగిపోయాయి. చక్రం వేగంగా తిరిగేటప్పుడు రబ్బరు కాడ బయటికి వంగుతుంది, అడుగున ఉన్న పగులు తెరుచుకుంటుంది. కొత్త వాల్వ్ వేశాక శ్రీకాళహస్తి వెళ్ళొచ్చినా ఆ అదనపు నష్టం లేదు.

కానీ ఆ ఒకటిన్నర అలాగే ఉంది. ఈసారి టైరు అంచు చుట్టూ సబ్బునీళ్ళు పోసి, వెనక సీటు మీద తమ్ముణ్ణి కూర్చోబెట్టాను. ఎడమవైపు, బ్యాలెన్స్ బరువు అతికించిన చోటికి కాస్త కింద, సన్నటి నురగ. వాడు దిగితే ఏమీ లేదు. అక్కడ రిమ్ము మీద తెల్లటి పొడి కనిపిస్తోంది, అల్లాయ్ లోహాన్ని తుప్పు తినేసిన గుర్తు. భాకరాపేట ఘాట్‌లో గుంతలో పడ్డప్పటి సొట్టే కారణమేమో అనుకున్నాను గానీ, సుద్దతో గుర్తు పెట్టి చూస్తే సొట్టకూ నురగకూ జానెడు దూరం. నా ఓటు తుప్పుకే.

టైరు లోపల చిల్లులు పూడ్చే జిగురు ద్రవం, అదే సీలెంట్, పోసెయ్యమంటున్నారు అందరూ. దారిలో చిక్కుకుంటే సరే, ఇంట్లో లీకు వెతికేవాడికి అది శత్రువు. లోపలంతా జిగురైపోతే మళ్ళీ ఏదీ కనపడదు. గాలికి బదులు నైట్రోజన్ నింపించమనే మాట ఎత్తొద్దు. మామూలు గాలిలోనే 78 శాతం అదే ఉంది, అంచు దగ్గర సందుంటే ఏ గాలైనా పోతుంది.

ఎలాగూ టైరు విప్పాలి కాబట్టి ఆ ఖర్చులోనే కొత్తది వేసేద్దామనుంది. నవంబరు వానలకు ముందే కావాలి, టైరు నడిమి గాడులు బాగా అరిగాయి. 120/80-17 సైజు (వెడల్పు 120 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 17 అంగుళాలు) వేస్తే వెనక నిండుగా కనిపిస్తుందని ఊరించేవాళ్ళున్నారు. కంపెనీ ఇచ్చిన 100/90-17తో పోలిస్తే వ్యాసం 12 మిల్లీమీటర్లు పెరుగుతుంది, చెయిన్ కవరు పక్క సందు తగ్గుతుంది. పైగా తిరుమల ఘాట్ మలుపుల్లో బండి బరువుగా వాలుతుంది. కంపెనీ ఇచ్చిన సైజే నాకు చాలు. అపోలో టైర్ల ఫ్యాక్టరీ మా దగ్గరి చిన్నపండూరులోనే ఉంది కదా, అదే కొను అని ఒక స్నేహితుడి వాదన. ఊరి అభిమానం వేరు, తడి రోడ్డు మీద పట్టు వేరు. ఎమ్మారెఫ్ జాపర్ గట్టిగా ఉండి ఎక్కువ కాలం వస్తుంది. టీవీఎస్ యూరోగ్రిప్ వానలో నాకు ఇంకొంచెం నమ్మకంగా అనిపించింది, అటే మొగ్గు. ఏది కొన్నా పక్కన నాలుగంకెల కోడు చూడందే డబ్బివ్వను: 2325 అంటే 2025లో 23వ వారం తయారైనది.

ఆదివారం రిమ్ము విప్పి అంచు కూర్చునే చోటును స్కాచ్ బ్రైట్‌తో రుద్దుతాను. వైర్ బ్రష్ అయితే అల్లాయ్ మీద గీతలు పడతాయి. అప్పటికీ పోతే రిమ్మునే తొట్టిలో పెట్టి, సన్న పగులేమైనా ఉందేమో చూడాలి.